కళ్ళు పెట్టని సరస్వతి

నా చిన్నప్పుడు మా దీవిలోని షెమాన్ గ్రెనియే అనే ఊళ్ళో నాకంటే కోపిష్టి పిల్ల ఇంకొకతి లేదని మా నానమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ కోపం ఎందుకని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అందుకే ఇన్నేళ్ళకి నాకు నేనే చెప్పుకుంటున్నాను. నాకు అక్షరాలు నేర్చుకోవాలని ఉండేది. అంతే. అంత చిన్న కోరికకి మా పెద్దలు ఎన్ని అడ్డంకులు పెట్టారో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

చెరకు చేల మధ్య మా తెలుగువాళ్ళకి ఒక భజన మందిరం ఉండేది. మట్టిగోడలు, చెరకు ఆకు కప్పు. అందులో పసుపు గుడ్డలో చుట్టిన రామాయణం ఉండేది. దాన్ని తడబడకుండా చదవగలిగినవారు పంతులుగారు ఒక్కరే. ఆయనది ఎక్కడో దూరాన బాన్ అక్యూయ్ అనే ఊరు. నెలకో ఆదివారం రైలు దిగి, ఎడ్లబండి ఎక్కి మా ఊరు వచ్చేవారు. ఆయన వస్తేనే గుడ్డ ముడి విప్పేవాళ్ళు. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ ముడి. ఆ పుస్తకం లోపల ఏముందో చూడాలని నేను మందిరం ఊడ్చే నెపంతో దాని చుట్టూ తిరిగేదాన్ని. మా పెదనాన్న కొడుక్కి అప్పటికే పలక ఉంది. వాడు దాన్ని నా ముఖం ముందు ఊపుతూ నడిచేవాడు.

పలక పట్టాలంటే ముందు అక్షరారంభం జరగాలి. అది దసరానాడే జరగాలి. అదీ సరస్వతి అమ్మవారి పటం ముందే జరగాలి. మా ముత్తాతలు ఇండియాలో ఓడ ఎక్కేటప్పుడు మూటలో పెట్టుకుని తెచ్చిన పటం అది. నాకు పలక పట్టే ఈడు వచ్చిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చి మందిరం కప్పు లేపుకుపోయింది. పటం ఎక్కడో చెరకు తోటలో చీలికలుగా దొరికింది. పటం లేదు కనుక ఆ దసరాకి అక్షరారంభం లేదన్నారు. మరుసటి ఏడు ఇంట్లో మైల వచ్చింది కనుక లేదన్నారు. కలశం పెట్టుకుంటే సరిపోయేది కదా అని ఇప్పుడు మీరు అంటారు. నాకూ తెలుసు. కానీ అలా ఎన్నడూ చేయలేదని మా పెద్దలు అన్నారు. ఎన్నడూ చేయనిది చేయడం వాళ్ళకి చేతకాదు.

ఇక మూడో దసరా. అదే నాకు ఆఖరి అవకాశం. వచ్చే కోతలకి నన్ను మా అమ్మతోపాటు చేలోకి పంపాలని ఇంట్లో అనుకున్నారు. చేలోకి వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ పలక ముఖం చూడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నన్ను వద్దనలేదు, అది నిజం. కానీ ఎవరికీ తొందర లేదు. తొందరంతా నాదే.

ఆ సంగతిలోకి జపాను తాత ఎలా వచ్చాడో చెప్పాలి. మా ఊరి దుకాణం ఒక చీనా ఆయనది. దుకాణాన్ని మేం బుతిక్ అనేవాళ్ళం, ఆయన్ని బుతిక్ మామ అని పిలిచేవాళ్ళం. సరుకుల కోసం పోర్ట్ లూయిస్ వెళ్ళిన బుతిక్ మామ ఒకసారి బండిలో ఉప్పుచేపల బస్తాలతోపాటు ఒక ముసలాయన్ని దింపాడు. అప్పుడు యూరప్‌లో పెద్ద యుద్ధం జరుగుతోంది. ఓడలు దారి మార్చుకుని ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవి. ఆ ముసలాయన ఓడ మరమ్మతుకి మా రేవులో ఆగిపోయింది. ఆయనది జపాను. వాళ్ళ మత గ్రంథాలకి దేవతల బొమ్మలు గీయడం ఆయన పని. ఎక్కడెక్కడి పాత విగ్రహాలనో చూసి తన దేశానికి తిరిగి వెళుతున్నాడట. ఓడ బాగయ్యేదాకా బుతిక్ వెనక గదిలో చోటిచ్చాడు మామ.

వాళ్ళిద్దరినీ చూడటానికి మేం పిల్లలందరం కిటికీకి వేలాడేవాళ్ళం. ఒకరి భాష ఒకరికి రాదు. నోరు విప్పరు. మధ్యలో కాగితం పెట్టుకుని ఒకాయన కుంచెతో ఏదో రాస్తాడు. రెండో ఆయన చదివి తల ఊపి కింద ఇంకేదో రాస్తాడు. ఉన్నట్టుండి ఇద్దరూ పగలబడి నవ్వుతారు. పలికే తీరు వేరైనా రెండు దేశాల్లోనూ రాసే అక్షరాలు ఒకటేనట. నాకు మతిపోయింది. మా మందిరంలో అందరూ ఒకే తెలుగులో పొద్దంతా అరుచుకున్నా ఒకరి మాట ఒకరి చెవికి ఎక్కదు. వీళ్ళకి మాటే లేదు, అయినా హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. అక్షరమంటే ఏమిటో నాకు ఆ కిటికీ దగ్గర తెలిసింది. తెలిసినకొద్దీ కడుపుమంట ఇంకా పెరిగింది.

ఆయన గీస్తున్న కాగితాల్లో వాయిద్యం పట్టుకుని కూర్చున్న ఒక దేవతను చూసి నేను ఇంటికి పరిగెత్తాను. సరస్వతి దొరికిందని మా తాతయ్యతో చెప్పాను. తాతయ్య మా భజన పెద్ద. ఆయన వచ్చి చూశాడు. నిజమే, వాళ్ళ దేశంలోనూ చదువుకీ పాటకీ ఒక తల్లి ఉంది, ఆవిడ చేతిలోనూ తంత్రుల వాయిద్యం ఉంది. తాతయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇక అయిపోయింది, దసరాకి పటం వచ్చేసింది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని! ఊళ్ళో పెద్దలందరూ చూసి ఒప్పుకోవాలట.

పెద్దలొచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? వాయిద్యం బుర్ర పొట్టిగా ఉంది, వీణకి రెండు బుర్రలుండాలన్నారు. చీర ఏదీ అన్నారు. రంగులేవీ అన్నారు. పుస్తకంలో అచ్చు వేయడానికి గీసే బొమ్మలకి నల్లటి గీతే ఉంటుందని ఆయన కాగితం మీద రాశాడు. బుతిక్ మామ దాన్ని మా దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లో చెప్పాడు. తాతయ్య దాన్ని తెలుగులో చెప్పాడు. తెలుగులోకి వచ్చేసరికి ఈ ముసలాయన దగ్గర రంగులు కొనే స్తోమత లేదన్నట్టు తేలింది. అందరూ జాలిపడ్డారు. ఆయనకి ఏమీ అర్థం కాక అందరికీ వంగి వంగి నమస్కారాలు పెట్టాడు.

అసలు గొడవ పక్షి దగ్గర మొదలైంది. పోయిన పటంలో అమ్మవారి పక్కన హంస ఉండేదని తాతయ్య పట్టు. కాదు, నెమలి ఉండేదని సర్దారు తాత పట్టు. చేలో కూలీల జట్టుకి పెద్ద ఆయన, అక్కడ అరిచే గొంతే ఇక్కడా. మందిరంలో నిత్యం ఆ పటం ముందు కూర్చుని భజన చేసిన మనుషులు వీళ్ళందరూ. కళ్ళు మూసుకుని భజన చేశారు కాబోలు, పటంలో ఏముందో ఇద్దరికి ఒక్కలా గుర్తులేదు. ఒకరు వీణ కుడివైపుందన్నారు, ఇంకొకరు ఎడమవైపన్నారు. ఒక ముసలమ్మ అసలు పక్షే లేదు, అది పూలకుండీ అంది.

"నెమలి నేకపోతే అది సరస్వతేటి, ఎవుతో సుట్టపుది గానీ" అని సర్దారు తాత లేచి వెళ్ళిపోయాడు.

చిత్రమేమిటంటే, వీళ్ళలో హంసను చూసినవాడు లేడు, నెమలిని చూసినవాడూ లేడు. అందరూ ఈ దీవిలో పుట్టినవాళ్ళే. చివరికి తాతయ్య మాటే నెగ్గి, తెల్లటి పక్షి, మెడ పొడుగు అని చెప్పి పంపారు. బుతిక్ మామ కాస్త ఆలోచించి తన పెరట్లోకి వేలు చూపించాడు. జపాను తాత పెరట్లోకి వెళ్ళి, తిరుగుతున్న బాతును చాలాసేపు చూసి వచ్చి, అచ్చం దానిలాగే గీశాడు. అమ్మవారి పక్కన మా ఊరి బాతు! దాని ముక్కు మీది గుబ్బతో సహా! పెద్దలు మండిపడ్డారు. మళ్ళీ గీయమన్నారు.

ఆయన విసుక్కోవడం నేను చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్క పట్టున గీత లాగేవాడు. గీత తప్పితే దిద్దేవాడు కాదు. ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకునేవాడు. అన్నీ గీసేవాడు గానీ, కళ్ళు మాత్రం పెట్టేవాడు కాదు. ముఖంలో ఆ చోటు ఖాళీగా వదిలేసేవాడు. అందరూ సరేనన్నాకే చివర్న కళ్ళు పెడతారట. ఆ ఒక్క సంగతికి మాత్రం మా పెద్దలందరూ తలలూపారు. మన విగ్రహాలకీ ఆఖర్న కళ్ళు తెరిపిస్తారు కదా అన్నారు. ఆయన చేసిన పనుల్లో వాళ్ళు మెచ్చుకున్నది ఒక్క ఆ చేయని పనినే.

ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఆయన గదిలోకి వెళ్ళాను. కాగితం చూపించి, నా కళ్ళు చూపించి, పెట్టెయ్ తాతా, వీళ్ళు ఈ జన్మకి ఒప్పుకోరు అని తెలుగులో మొత్తుకున్నాను. ఏడుపు కూడా వచ్చేసింది. ఆయనకి నా భాష రాదు గానీ ఏడుపు అర్థమైనట్టుంది. మా ఊళ్ళో నేర్చుకున్న ఒకే ఒక్క క్రెయోల్ మాట అన్నాడు.

"పాంకోర్."

ఇంకా కాదు, అని. మా ఇంట్లోనూ నాకు ఎప్పుడూ దొరికే జవాబు అదే. జపాను నుంచి వచ్చిన మనిషి కూడా అదే మాట అనేసరికి నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన నా చేతికి కుంచె ఇచ్చి, ఒక కాగితం ముందు పెట్టి, గీయమని సైగ చేశాడు. నేను లాగిన గీత వణుక్కుంటూ వంకరపోయింది. ఆయన నవ్వలేదు. ఆ కాగితాన్ని తీసుకుని, తాను పక్కన పెట్టిన తన కాగితాల మీదే జాగ్రత్తగా పెట్టాడు. చింపి పారేస్తాడనుకున్నాను. అలా ఎందుకు చేశాడో అప్పుడు నాకు తెలియలేదు.

దసరా ముందే ఓడ బాగయిందని కబురొచ్చింది. పెద్దలు ఇంకా వీణ బుర్రల దగ్గరే ఉన్నారు. జపాను తాత వెళుతూ వెళుతూ, గీసినవన్నీ ఒక బొత్తి కట్టి మా తాతయ్య చేతుల్లో పెట్టి వంగి నమస్కరించాడు. ఒక్కదానికీ కళ్ళు లేవు. ఎవరూ ఏదీ సరేననలేదు కదా, ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు.

దసరా పొద్దున్న మందిరం ముందు చాప పరిచి ఆ కాగితాలన్నీ వరసగా పెట్టారు. పంతులుగారు వచ్చారు. ఏ బొమ్మ పెట్టాలన్న దగ్గర మొదలుపెట్టి, కళ్ళు లేని బొమ్మకి పూజ చేయవచ్చా అన్న దగ్గరికి వచ్చారు. అయితే కళ్ళు మనమే పెడదామన్నారు. ఎవరు పెట్టాలి? తాతయ్య తన చెయ్యి వణుకుతుందన్నాడు. సర్దారు తాత తనకెందుకా పాపమన్నాడు. పంతులుగారు అది తన పని కాదన్నారు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. కొత్త లంగా కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని, నేను ఆ మాటలన్నీ వింటూ గుమ్మంలో నిలబడి ఉన్నాను. కాళ్ళు పీకుతున్నాయి. చివరికి పంతులుగారు రైలుకి వేళవుతోందని కండువా దులుపుకుని లేచారు. ఈ ఏటికి ఆగి, ఇండియా నుంచి మంచి పటం తెప్పించుకుని వచ్చే దసరాకి చేసుకోమన్నారు. అందరూ హమ్మయ్య అన్నట్టు తలలూపారు. ఏ నిర్ణయమూ చేయక్కర్లేకుండా పోయింది కదా, వాళ్ళకి అదే పండగ.

ఇంత జరుగుతున్నా మా నానమ్మ ఒక మూల కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటూనే ఉంది. ప్రసాదానికి బియ్యం. అన్నాళ్ళ గొడవలోనూ ఆవిడ ఒక్క మాట అనలేదు. పంతులుగారు లేవడం చూసి ఆవిడా లేచింది. చాప మీద తన చేతికి దగ్గరగా ఉన్న కాగితం తీసి గోడకి ఆనించింది. అందరూ ఎక్కువ తిట్టిన బొమ్మ అదే, బాతు బొమ్మ. దాని ముందు బియ్యం చాట పెట్టి నన్ను రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. తాతయ్య ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. తప్పు రాస్తే కళ్ళు పోతాయంటారే, అన్నాను మెల్లగా.

"ఆవిడికింకా కళ్ళే రానేదు కదే. నువ్వు తప్పు రాసినా సూడదు. రాసెయ్."

రాశాను. వేలు పట్టడానికి ఎవరూ లేరు. నానమ్మకి అక్షరం ముక్క రాదు. మా పెదనాన్న కొడుకు పలక మీద దొంగచాటుగా చూసిన 'ఓ'ని గుర్తుచేసుకుంటూ బియ్యంలో వేలు తిప్పాను. అది ఏ వైపు తిరగాలో ఆ వైపు తిరగలేదు. ఎటో వెళ్ళి ఎక్కడో ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తల దించుకున్నాను.

చెప్పుల్లో కాళ్ళు పెడుతున్న పంతులుగారు వెనక్కి తిరిగి చాటలోకి చూశారు. ఆయన ముఖం ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తే. అన్నంలో రాయి తగిలినట్టు చూశారు. రెండడుగులు గుమ్మం వైపు వేశారు. ఆగారు. మళ్ళీ చూశారు. అలా కాదమ్మా అంటూ చెప్పులు విడిచి వచ్చి, నా పక్కన కూర్చుని, బియ్యం చదును చేసి, నా వేలు పట్టుకుని 'ఓ' దిద్దించారు. ఆ తర్వాత 'న', ఆ తర్వాత 'మ'. దిద్దించడం పూర్తయ్యాక గానీ తానేం చేశారో ఆయనకి తట్టలేదు. కానీ గురువు వేలు పట్టాక అక్షరారంభం అయిపోయినట్టే. దాన్ని వెనక్కి తీసుకునే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

తర్వాత సర్దారు తాత గొంతు సవరించుకుని తన మనవడిని నా వెనక కూర్చోబెట్టాడు. నెమలి ఊసెత్తలేదు. దాంతో అందరూ తమ పిల్లల్ని ముందుకు తోయడం మొదలుపెట్టారు. పంతులుగారు ఆ రోజు రైలు అందుకోలేదు, మా ఇంట్లోనే భోంచేసి పడుకున్నారు. మేమందరం వేళ్ళు పెట్టి దిద్దిన బియ్యంతోనే నానమ్మ పరమాన్నం వండింది.

ఆ సాయంత్రం నానమ్మ పొయ్యి దగ్గర గిన్నెలు తోముతుంటే వెళ్ళి అడిగాను. పంతులుగారు వెనక్కి వస్తారని నీకెలా తెలుసని. ఆవిడ తల ఎత్తకుండానే, అమ్మవారికి కళ్ళు లేవు గానీ పంతులుకి ఉన్నాయి కదే, తప్పు చూసి ఊరుకుంటాడా అంది. నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకే కోపం కూడా వచ్చింది. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదని అరిచాను. పోయినేడు చేయొచ్చు, అంతకు ముందేడు చేయొచ్చు. నేను మూడేళ్ళు ఏడిచాను, చూస్తూ కూర్చున్నావు అన్నాను. నానమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఎవులో ఒకులు సెప్తారని నానూ కూకున్నానే అమ్మా. నా సిన్నప్పట్నుంచీ కూకునే ఉన్నాను."

ఆవిడకీ చదువుకోవాలని ఉండేదని నాకు ఆ మాటతోనే తెలిసింది. అంతకు ముందు ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మరుసటి నెల నుంచి పంతులుగారు నాకు చెప్పిన పాఠం నేను ఆవిడకి చాటలో చెప్పేదాన్ని. చేతులు గట్టిపడిపోయి 'ఓ' ఎప్పుడూ గుండ్రంగా రాలేదు. నా పాఠంలో నాలుగు అక్షరాలు దాటకుండానే ఆవిడ కళ్ళకి పొరలొచ్చాయి. అందుకు నాకు వచ్చిన కోపం నానమ్మ మీద కాదు. ఎవరి మీదో తెలియదు. అది తగ్గలేదు.

కోతలకి నేను చేలోకి వెళ్ళాను, అది తప్పలేదు. కానీ ఆదివారాలు పలక పట్టాను. పసుపు గుడ్డ ముడి నా చేత్తో విప్పి, పంతులుగారు లేనప్పుడు కూడా రామాయణం చదివాను. తర్వాత ఎన్నో ఏళ్ళు మా ఊరి పిల్లలకి నేనే వేలు పట్టాను. ప్రతి దసరాకీ బాతు పక్కన కూర్చున్న సరస్వతినే గోడకి ఆనిస్తాను. కాగితం గోధుమరంగుకి తిరిగింది, గీత మాత్రం ఆయన లాగినప్పటిలాగే నల్లగా ఉంది. పక్కనే ఆ బొత్తిలో నా వంకర గీత కాగితం కూడా ఉంది. తప్పిన తన గీతల్లో అదీ ఒకటిగా ఆయన కలిపి ఇచ్చేశాడు. బొమ్మలు బాగా వేసే కుర్రవాడొకడు ఆ మధ్య వచ్చి, అమ్మవారికి కళ్ళు పెడతానని అడిగాడు. పాంకోర్ అన్నాను. తప్పు రాయాల్సిన పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళు రాసేదాకా ఆవిడ చూడక్కర్లేదు.

ఇప్పటికీ పదిమంది కూర్చుని వాదించుకునే చోట నేనూ ఒక మూల కూర్చుంటాను. ముసలిదాన్ని, నాకెందుకులే అనిపిస్తుంది. ఎవరో ఒకరు చెప్పకపోతారా అనుకుంటాను. అలా అనుకోగానే పొయ్యి దగ్గర గిన్నె పక్కన పెట్టిన నానమ్మ ముఖం కనిపిస్తుంది. మోకాళ్ళు పట్టుకుని, సణుక్కుంటూ లేచి, నేనే వెళ్ళి చాట తెస్తాను.